మధ్యాహ్నం మాత్రమే మొరాయించే ఏసీ: కంప్రెసర్ మార్చే ముందు ఏం చూడాలి?

ప్రశ్న: మాది నరసరావుపేట. రెండో అంతస్తులో పడమటి గదికి ఆరేళ్ల కిందట 1.5 టన్నుల స్ప్లిట్ ఏసీ పెట్టించాం. ఇన్వర్టర్ రకం (కంప్రెసర్ వేగాన్ని తానే మార్చుకునేది) కాదు. ఏప్రిల్ నుంచి మధ్యాహ్నం రెండు దాటిందంటే చాలు, సన్‌షేడ్ మీద ఉన్న ఔట్‌డోర్ యూనిట్ కొన్ని సెకన్లపాటు గుర్రుమంటూ మూలిగి, ‘టక్’మని ఆగిపోతోంది. దాని ఫ్యాన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. నాలుగైదు నిమిషాలకు మళ్లీ అదే మూలుగు, అదే ‘టక్’. రాత్రి పదకొండు దాటాక వేస్తే ఏ ఇబ్బందీ లేకుండా గది చక్కగా చల్లబడుతోంది. లోపలి యూనిట్ నుంచి కూడా అప్పుడప్పుడు గుటకలు వేస్తున్నట్టు చప్పుడు వస్తోంది, ఆపినప్పుడు చిటుకు చిటుకుమంటోంది. మెకానిక్ వచ్చి చూసి, గ్యాస్ అయిపోయిందనీ, కంప్రెసర్ కూడా పాడైందనీ, రెండు పనులూ చేయించాలనీ చెప్పారు. ఆ గదిలో 78 ఏళ్ల మా అత్తగారు ఉంటారు. కంప్రెసర్ మార్చక తప్పదా? అంతవరకు దీన్ని ఇలాగే వాడుకోవచ్చా?
– ఒక పాఠకురాలు

సమాధానం: మీ రెండో ప్రశ్నకే ముందు జవాబు చెప్పాలి, ఎందుకంటే అందులో ఆలస్యం పనికిరాదు. మధ్యాహ్నం పూట దయచేసి దీన్ని ఇలాగే వదిలేసి వాడకండి. మీరు వింటున్న ఆ మూలుగు, గ్యాస్‌ను నొక్కి గొట్టాలలో తిప్పే కంప్రెసర్ తిరగడానికి ప్రయత్నించి తిరగలేకపోతున్నప్పుడు వచ్చేది. అలా నిలిచిపోయిన మోటారు, మామూలుగా నడుస్తున్నప్పుడు తీసుకునే కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది. ఆ వేడికి లోపలి తీగచుట్ట కాలిపోకుండా ఓవర్‌లోడ్ అనే చిన్న రక్షణ పరికరం కరెంటును తెంచుతుంది. మీకు వినిపించే ‘టక్’ అదే. కొంచెం చల్లబడగానే అది మళ్లీ కలుస్తుంది, మోటారు మళ్లీ వేడెక్కుతుంది. ఒక మధ్యాహ్నంలో ఇది పదుల సార్లు జరిగితే, ఇప్పటికి బాగానే ఉన్న కంప్రెసర్ కూడా నిజంగానే కాలిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి మూలుగు రెండోసారి వినిపించిన వెంటనే రిమోట్‌తో కాదు, ఏసీకి సంబంధించిన ఎంసీబీని (బోర్డులో కరెంటును తెంచే స్విచ్చును) దించి ఆపేయండి.

ఇక మొదటి ప్రశ్న. మీరు రాసిన వివరాల ప్రకారం, కంప్రెసర్ పాడైందని ఇప్పుడే తీర్మానించడం తొందరపాటు. ఏసీ చేసే చప్పుడు ఎలా ఉందన్నది అందరూ గమనిస్తారు, మెకానిక్‌కు అనుకరించి కూడా చూపిస్తారు. అయితే అది ఏ వేళలో వస్తోంది, మొదలుపెట్టిన ఎంతసేపటికి వస్తోంది, ఏ వేళలో అస్సలు రావడం లేదు అన్న సంగతులే లోపాన్ని ఎక్కువగా పట్టిస్తాయి. మీరు ఆ వివరాలన్నీ రాశారు. రాత్రిపూట గది చక్కగా చల్లబడుతోందన్న ఒక్క వాక్యం మెకానిక్ చెప్పిన రెండు మాటలనూ ప్రశ్నిస్తోంది.

గ్యాస్ సంగతి చూద్దాం. ఏసీలో గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న రాగి గొట్టాలలో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతూ ఉంటుంది. అది తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. గ్యాస్ నిజంగా అయిపోయి ఉంటే రాత్రి కూడా గది సరిగా చల్లబడదు. లోపలి కాయిల్‌లో (గ్యాస్ తిరిగే గొట్టాల చుట్టలో) కొంత భాగం మీద మంచు పేరుకుంటుంది. బయట సన్నని రాగి గొట్టం మీద తెల్లటి పొర కనిపిస్తుంది. నట్టుల దగ్గర నూనె మరక ఉండవచ్చు. లోపలి యూనిట్ నుంచి ‘స్స్’మనే శబ్దం ఆగకుండా వస్తుంది. ఇవేవీ మీరు రాయలేదు. మెకానిక్ గ్యాస్ నింపాలంటే, ఎక్కడ కారుతోందో చూపించమని ముందు అడగండి. లీకు మూయకుండా నింపిన గ్యాస్‌కు ఇచ్చిన డబ్బు మరుసటి వేసవికి మళ్లీ ఇవ్వవలసిందే. ప్రతి ఏటా ఏప్రిల్‌లో గ్యాస్ నింపించడం ఒక ఆనవాయితీగా మారిన ఇళ్లు చాలా ఉన్నాయి, దానికి సాంకేతికంగా ఏ ఆధారమూ లేదు.

కంప్రెసర్ విషయానికి వస్తే, తీగచుట్ట పూర్తిగా కాలిపోయిన కంప్రెసర్ రాత్రి పదకొండుకు కూడా నడవదు. మీది నడుస్తోంది. దాన్ని మధ్యాహ్నం మాత్రమే అడ్డుకుంటున్న కారణమేమిటన్నదే మనం వెతకవలసిన విషయం.

మన దేశంలో ఏసీ సామర్థ్యాన్ని బయట 35 డిగ్రీలు, గదిలో 27 డిగ్రీల ఉష్ణోగ్రత ఉన్న స్థితిలో కొలుస్తారు. పల్నాడు ఎండలు అక్కడితో ఆగవు. మీకు సమీపంలోని రెంటచింతల 45 డిగ్రీలు దాటిన ఎండలకు పేరుపడిన ఊరు. గదిలోంచి తెచ్చిన వేడిని ఔట్‌డోర్ యూనిట్ బయటి గాలిలోకి వదలాలంటే, దాని కాయిల్‌లోని గ్యాస్ ఆ గాలి కంటే సుమారు పది పదిహేను డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉండాలి. బయట 44 ఉన్నప్పుడు, అదీ పడమటి ఎండకు కాలుతున్న గోడకూ సిమెంటు సన్‌షేడ్‌కూ మధ్య ఉన్న గాలిని పీల్చుకునే యూనిట్‌లో, గ్యాస్ 60 డిగ్రీలకు చేరుతుంది. వేడితోపాటు గొట్టాలలోని పీడనమూ పెరుగుతుంది, ఆ పీడనానికి ఎదురుగా కంప్రెసర్ తిరగడం మొదలుపెట్టాలి. సరిగ్గా ఆ వేళకే వీధిలోని ఏసీలూ కూలర్లూ అన్నీ ఆన్ అయి ఉంటాయి, అందువల్ల వోల్టేజీ పడిపోతుంది. ఇలాంటి మోటారుకు తిరిగే బలం వోల్టేజీ తగ్గిన దామాషాలో కాక, దాని వర్గం ప్రకారం తగ్గుతుంది. 230 వోల్టులు రావలసిన చోట 180 వస్తే వోల్టేజీలో తగ్గినది ఐదో వంతు పైచిలుకే అయినా, మోటారుకు మిగిలే బలం నూటికి 61 పాళ్లు మాత్రమే. మోయవలసిన భారం ఎక్కువైన గంటలోనే బలం తక్కువైతే, ఏ చిన్న లోపమున్నా కంప్రెసర్ మూలిగి ఆగిపోతుంది. అర్ధరాత్రికి వేడీ తగ్గుతుంది, కరెంటూ మెరుగవుతుంది, లోపం మరుగున పడుతుంది.

ఆ చిన్న లోపం చాలా సందర్భాలలో కెపాసిటర్‌లో ఉంటుంది. అది ఔట్‌డోర్ యూనిట్‌లో ఉండే, డబ్బా ఆకారపు విడిభాగం. కంప్రెసర్ మోటారు తిరగడానికీ, తిరుగుతూ ఉండడానికీ కావలసిన ఊతం ఇచ్చేది అదే. దాని మీద ఎన్ని మైక్రోఫారడ్‌లో అచ్చువేసి ఉంటుంది. మెకానిక్‌లు ఎంఎఫ్‌డీ అంటారు. 1.5 టన్నుల ఏసీకి సాధారణంగా 35 నుంచి 50 మధ్య ఉంటుంది. దాని బద్ధశత్రువు వేడి. పని చేసే చోట ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా దాని ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందని లెక్క. ఆరేళ్లపాటు పడమటి ఎండలో ఉన్న డబ్బాలోని కెపాసిటర్ బలహీనపడడంలో ఆశ్చర్యం లేదు. మీటరు పెట్టి చూడడానికి నిమిషాలు చాలు. 40 అని రాసి ఉన్నది 38 చూపితే పరవాలేదు. 32 చూపితే అది రాత్రిపూట పనిచేసి, మధ్యాహ్నం చేతులెత్తేస్తుంది. పైభాగం ఉబ్బినా, నూనె కారినా మీటరు కూడా అక్కరలేదు. దాని ఖరీదు వందలలో ఉంటుంది, కంప్రెసర్ మార్పిడి వేలలో ఉంటుంది. తేడా ఇంత ఉన్నప్పుడు చవకైన దాన్ని ముందు పరీక్షించమని అడగడం మీ హక్కు.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరిగా చేయాలి. ఎంసీబీ దించిన తర్వాత కూడా కెపాసిటర్‌లో విద్యుత్తు నిలిచి ఉంటుంది, ముట్టుకుంటే గట్టి షాక్ కొడుతుంది. వీడియోలు చూసి ఇంట్లోవాళ్లు ఔట్‌డోర్ మూత విప్పవద్దు. రెండో అంతస్తు సన్‌షేడ్ మీదికి ఎవరూ దిగవద్దు కూడా. మెకానిక్ దిగవలసి వస్తే నడుముకు తాడో బెల్టో కట్టుకున్నాకే దిగమని గట్టిగా చెప్పండి. ఏటా వేసవిలో ఈ పనిలో ప్రాణాల మీదికి తెచ్చుకునేవాళ్లు ఉన్నారు. పది నిమిషాల పనే కదా అన్న మాటకు లొంగవద్దు.

కెపాసిటర్‌తోపాటు వోల్టేజీని కూడా చూడాలి, ఎలా చూడాలన్నది ముఖ్యం. ఏసీ ఆగి ఉన్నప్పుడు 215 వోల్టులు కనిపించడం వల్ల ఏమీ తెలియదు. కంప్రెసర్ మొదలయ్యే ఆ క్షణంలో ఔట్‌డోర్ యూనిట్ దగ్గర ఎంత ఉందో చూడాలి. మీటరు బోర్డు దగ్గర బాగానే ఉండి, ఏసీ దగ్గర మాత్రం 170కో 165కో పడిపోతుంటే లోపం మీ ఇంటి వైరింగ్‌లోనే ఉందన్నమాట: సన్నని తీగ, వదులైన జాయింటు, లేదా మాడిన ప్లగ్గు. 1.5 టన్నుల ఏసీకి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ లాగడం మంచి పద్ధతి. ప్లగ్గును చేత్తో తాకితే వేడిగా ఉన్నా, సాకెట్ నుంచి చిటచిటమనే శబ్దం గానీ కాలిన వాసన గానీ వచ్చినా, మిగతా పరీక్షలన్నీ పక్కనపెట్టి వెంటనే కరెంటు ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఏసీ చప్పుళ్లన్నిటిలోకీ నిప్పుకు దారితీసేది అదే. బోర్డు దగ్గరే వోల్టేజీ పడిపోతుంటే విద్యుత్ సంస్థకు 1912 నంబరులో ఫిర్యాదు చేయాలి. ఆ ఫిర్యాదులో మధ్యాహ్నం ఏ సమయానికి ఎంత వోల్టేజీ ఉందో చెబితే పట్టించుకునే అవకాశం ఎక్కువ. మీ ఇంట్లో స్టెబిలైజర్ ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే, అది కూడా వోల్టేజీ మారినప్పుడల్లా ‘టక్’మంటుంది. ఆ ‘టక్’ గదిలో వినిపిస్తుంది, ఓవర్‌లోడ్ ‘టక్’ బయట వినిపిస్తుంది. ఈ రెండింటినీ కలపకండి.

మూడో అనుమానం కాయిల్ మీది దుమ్ము, దాని చుట్టూ గాలి ఆడకపోవడం. మీరు మరొకసారి గమనించవలసిన విషయం ఒకటుంది. కంప్రెసర్ కొన్ని సెకన్లకే ఆగిపోతోందా, లేక పావుగంటో ఇరవై నిమిషాలో నడిచి అప్పుడు ఆగుతోందా? మొదటిదైతే మొదలుకాలేకపోతోందని, అంటే కెపాసిటర్, వోల్టేజీ, లేదా కంప్రెసర్ బిగుసుకుపోవడమని అనుకోవాలి. రెండోదైతే వేడెక్కి ఆగుతోందని, అంటే కాయిల్ దుమ్ముతో మూసుకుపోవడం, ఔట్‌డోర్ ఫ్యాన్ మెల్లగా తిరగడం, వదిలిన వేడిగాలినే మళ్లీ పీల్చుకోవడం, లేదా గ్యాస్ తగ్గడం అని అనుకోవాలి. మీ వర్ణన మొదటిదానికే సరిపోతోంది. అయినా ఒకదాని తర్వాత ఒకటిగా రెండూ జరగవచ్చు: వేడెక్కి ఆగిన కంప్రెసర్ ఆ వేడిలో మళ్లీ మొదలుకాలేక మూలుగుతుంది. కాబట్టి కాయిల్‌ను ఎలాగూ శుభ్రం చేయించండి. కరెంటు ఆపి, మామూలు ధారతో, వీలైతే లోపలి వైపు నుంచి బయటికి కడిగించాలి. కారు కడిగే ప్రెషర్ పంపు పెడితే సన్నని అల్యూమినియం రేకులు వంగిపోయి గాలి ఆడడం ఇంకా తగ్గుతుంది.

ఎండ తగలకూడదని కొందరు ఔట్‌డోర్ యూనిట్ మీద గోనెపట్టా కప్పుతారు, మరికొందరు మధ్యాహ్నం బోరు నీళ్లు చల్లుతారు. గోనెపట్టా గాలిని ఆపి మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. మన ప్రాంతపు బోరు నీళ్లలో ఉప్పుల శాతం ఎక్కువ; అవి ఆరినప్పుడల్లా కాయిల్ మీద తెల్లటి పొర మిగిలి, రెండు మూడు వేసవుల్లో దాన్ని మూసేస్తుంది. నీడ కావాలనుకుంటే, యూనిట్‌కు పైన రెండడుగుల ఎత్తులో, ముందూ వెనకా గాలికి అడ్డం రాకుండా ఒక రేకు కట్టించండి. అది నిజంగా పనికొస్తుంది.

లోపలి యూనిట్ చప్పుళ్ల గురించి కంగారు పడవలసిన పని లేదు. ఆపినప్పుడు వచ్చే చిటుకు చిటుకు, చల్లబడిన ప్లాస్టిక్ బాడీ గది వేడికి తిరిగి సాగడం వల్ల వచ్చేది. ఏసీ ఉన్నంతకాలం ఉంటుంది. గుటకల చప్పుడు దాదాపు ఎప్పుడూ డ్రెయిన్ పైపుదే. నీళ్లు వృథా కాకూడదని మనవాళ్లు ఆ పైపు కింద బకెట్ పెడతారు; మంచి అలవాటే, కానీ బకెట్ నిండి పైపు కొస నీటిలో మునిగితే లోపలికి గాలి పీల్చుకున్నప్పుడల్లా బుడగలు వచ్చి ఆ చప్పుడవుతుంది, నీరు సాఫీగా దిగక గోడ మీదికి కారడం కూడా మొదలవుతుంది. కొస ఎప్పుడూ నీటిమట్టానికి పైనే ఉండేలా కట్టండి. బకెట్ లేకపోయినా చప్పుడు వస్తుంటే, తలుపులన్నీ మూసి వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసినప్పుడు వస్తోందేమో చూడండి. ఇంట్లోని గాలిని ఆ ఫ్యాన్ బయటికి లాగితే, దాని స్థానంలోకి రావడానికి గాలి వెతుక్కునే దారుల్లో డ్రెయిన్ పైపు ఒకటి. కిటికీ కొంచెం తెరిస్తే చప్పుడు ఆగిపోతుంది.

ఇదే అంశం మీద తరచూ అడిగే మిగతా పాఠకుల కోసం క్లుప్తంగా మరికొన్ని చెబుతాను. లోపలి బ్లోయర్ (గదిలోకి గాలి తోసే ఫ్యాన్) నుంచి కీచుమనే శబ్దం వస్తే దాని చివరనున్న బుష్ (ఇరుసును పట్టి ఉంచే చిన్న భాగం) ఎండిపోయి ఉంటుంది; దాన్ని మార్చించాలి, వంటనూనె వేయకూడదు. కరకరమని ఏదో రాసుకుంటున్నట్టు వస్తే మొదట ఫిల్టర్ తీసి చూడండి: దుమ్ముతో మూసుకుపోయి లోపల మంచు కట్టి, ఆ మంచు బ్లోయర్‌కు తగులుతూ ఉండవచ్చు. అప్పుడు ఏసీ ఆపి, ఫ్యాన్ మోడ్‌లో మాత్రమే నడిపితే మంచు కరుగుతుంది. బయటి యూనిట్ గడగడలాడుతుంటే, స్టాండుకు ఉండవలసిన రబ్బరు దిమ్మలు ఎండకు పగిలిపోయాయేమో, రాగి గొట్టం రేకుకు తగులుతోందేమో చూడమనండి. గొట్టం అలా రాసుకుంటూ పోతే చివరికి చిల్లి పడి గ్యాస్ కారుతుంది, కాబట్టి ఆ చప్పుడును తేలికగా తీసుకోకూడదు. ఇన్వర్టర్ ఏసీలలో మీరు చెప్పిన మూలుగూ ‘టక్’ వరుస సాధారణంగా ఉండదు. అవి వేడికి వేగం తగ్గించుకుంటాయి, లేదా తెర మీద ఎర్రర్ కోడ్ చూపి ఆగుతాయి. వాటి హోరు ఎక్కువ తక్కువలవుతూ ఉండడం సహజం.

మళ్లీ మీ ఏసీ దగ్గరికి వద్దాం. మెకానిక్‌ను మధ్యాహ్నం రెండున్నరకే రమ్మనండి. ఉదయం పది గంటలకు వస్తే ఏసీ బాగానే నడుస్తుంది, ఆయన ఊహించి చెప్పడం తప్ప మరో దారి ఉండదు. వచ్చాక మొదలయ్యే క్షణంలోని వోల్టేజీ, కెపాసిటర్ విలువ, టంగ్ టెస్టర్‌తో (తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచే మీటరుతో) కంప్రెసర్ లాగే కరెంటు, ఈ మూడూ కొలిచి కాగితం మీద రాయమని అడగండి. యూనిట్ పక్కనున్న రేకు మీద ఎంత కరెంటు లాగాలో, ఏ గ్యాస్ ఎన్ని గ్రాములు ఉండాలో ముద్రించి ఉంటుంది. దానితో పోల్చి చూడవచ్చు. కెపాసిటర్ కొత్తదై, వోల్టేజీ సరిగా ఉండి, కాయిల్ శుభ్రంగా ఉన్నా అదే మూలుగు వస్తే, అప్పుడు కంప్రెసర్ లోపల అరిగి బిగుసుకుంటోందని ఒప్పుకోవాలి. ఆ అవకాశం కూడా ఉంది. అలాంటప్పుడు కొందరు అదనపు స్టార్టింగ్ కెపాసిటర్ పెట్టి నడిపిస్తారు. అది కొన్ని నెలలు గట్టెక్కిస్తుందేమో గానీ మరమ్మతు కాదు. కంప్రెసర్ మార్చవలసే వస్తే, డబ్బు ఇచ్చే ముందు కొన్ననాటి వారంటీ కార్డు వెతకండి. చాలా కంపెనీలు మిగతా భాగాలకు ఒక ఏడాదే ఇచ్చినా కంప్రెసర్‌కు 5 నుంచి 10 ఏళ్ల వారంటీ ఇస్తాయి. మీకు ఇంకా గడువు మిగిలి ఉంటే బయటి మెకానిక్ చేత గొట్టాలు కోయించకుండా కంపెనీ సర్వీసు కేంద్రానికే ఫోన్ చేయాలి, గ్యాస్‌కూ పనికూలికీ వేరుగా ఎంత తీసుకుంటారో ముందే అడగాలి.

ఇవన్నీ తేలేవరకు మీ అత్తగారిని మధ్యాహ్నాలు తూర్పు గదిలోకో కింది అంతస్తులోకో మార్చండి, దాహం వేసేదాకా ఆగకుండా గంటకోసారి నీళ్లో మజ్జిగో ఇవ్వండి. బయటి వేడి 40 దాటినప్పుడు తలుపులన్నీ మూసిన గదిలో ఫ్యాన్ ఒక్కటే పెద్దవాళ్లకు చాలదు, వట్టివేళ్ల తడకలో తడిపిన దుప్పట్లో కిటికీలకు కట్టండి. రాత్రి పదకొండు తర్వాత ఏసీ ఇబ్బంది లేకుండా మొదలవుతున్నంతకాలం ఆ వేళకు వాడుకోవచ్చు. ఒకసారి ఆపితే మళ్లీ వేయడానికి కనీసం ఐదు నిమిషాలు ఆగండి, మొదటి నిమిషం వినండి, మూలుగు వినిపిస్తే ఆ రాత్రికి ఎంసీబీ దించేయండి.